సేవ యను మాట మాటున

గడచిన మాసమున మా పట్టణపు గ్రంథాలయములో నొక సభ జరిగినది. ఉపన్యాసకులు వయోవృద్ధులు, విద్యావంతులు, ధర్మకార్యములకు లేదనక యిచ్చువారు. యుద్ధమువలన ఇల్లు వాకిలి కోల్పోయి పరదేశపు శిబిరములలో తలదాచుకొన్న పిల్లలకు ఆ శిబిరములలోని యువకులే అక్షరములు నేర్పుచున్నారని వారు శ్రోతల హృదయములు కరగునట్లు చెప్పిరి. "చేతిలో కాసు లేదు, తలపై సరియైన కప్పు లేదు, అయినను వారు విద్యాదానము మానలేదు. ఆహా, ఏమి త్యాగము! మన యువకులును జీతముల మాట విడిచి ఇట్టి సేవకు పూనుకొనవలెను" అని ముగించిరి. సభ కరతాళధ్వనులతో మాఱుమ్రోగినది. మేమును చప్పట్లు కొట్టితిమి.

ఇంటిదారి పట్టినప్పుడు, పూర్వము మాయొద్ద చదువుకొని యిప్పుడొక ప్రయివేటు పాఠశాలలో తాత్కాలికముగా పాఠములు చెప్పుచున్న యువతి మాతో నడచివచ్చినది. కొంతదూరము మాటాడక నడచి, "మాస్టారూ, ఆ పిల్లలకు పలకలు ఎవరో ఇస్తారు, పుస్తకాలు ఎవరో ఇస్తారు. మరి పాఠం చెప్పేవాళ్లకు జీతం ఎవరైనా ఇస్తున్నారా అండీ? ఆయన ఆ మాట చెప్పనే లేదు" అనినది.

మాయొద్ద సమాధానము లేకపోయినది. ఇరువది యేండ్లుగా నెలనెల జీతము పుచ్చుకొనుచు, త్యాగమును గుఱించిన శ్లోకములను పిల్లలచేత వల్లింపజేసిన మాకు ఆ ప్రశ్న ఎక్కడ తగులవలెనో అక్కడనే తగిలినది. అది మొదలు ఆ సంగతిని విచారించితిమి. విచారించినకొలది, ఆనాడు మేము కొట్టిన చప్పట్లకు సిగ్గుపడితిమి. ఆ సిగ్గే ఈ వ్యాసమునకు కారణము.

మేము చెప్పదలచినది క్లుప్తముగా నిది. యుద్ధపీడితులైన పిల్లలకు చదువు చెప్పు యువకుని దాతగా కీర్తించుట మనము వానికి చేయు గౌరవము కాదు; మనము చెల్లింపవలసిన ఋణమును ఎగవేయుటకు కనిపెట్టిన ఉపాయము. వాడు దాత కాడు, ఉపాధ్యాయుడు. ఉపాధ్యాయునకు వేతనము కావలెను, శిక్షణము కావలెను, యోగ్యతాపత్రము కావలెను, ప్రాణరక్షణము కావలెను. పొగడ్త వీనిలో దేనికిని బదులు కాజాలదు.

మాట గాలిలో పోకుండ ఒక్క తావును తీసికొని చూతము. మన తీరమును తాకు బంగాళాఖాతమే బంగ్లాదేశములోని కాక్సుబజారు జిల్లాను తాకుచున్నది. ఆ జిల్లాకు ఆనుకొని, నాఫ్ నదికి ఆవల, బర్మాలోని అరకాను మండలము కలదు; దాని నేటి పేరు రఖైను. 2017 ఆగస్టు 25 నాడు సాయుధులు కొందఱు పోలీసుఠాణాలపై దాడి చేసిరని కారణము చూపి బర్మాసైన్యము అచ్చటి రోహింగ్యా పల్లెలపై విరుచుకొనిపడినది. పల్లెలు తగులబడినవి. కొలది మాసములలో ఏడు లక్షలకు పైగా జనము సరిహద్దు దాటి వచ్చి కాక్సుబజారు కొండగుట్టలపై పడిరి. అందు సగమునకు మించి పిల్లలు. అంతకు ముందు వచ్చినవారిని, తరువాత వచ్చినవారిని కలుపుకొన్నచో ఆ శిబిరముల జనసంఖ్య పదిలక్షలకు పైబడినది. కుటుపలాంగు శిబిరము ప్రపంచములోని మిక్కిలి పెద్ద శరణార్థి శిబిరములలో నొకటి.

బర్మా యనిన మనకు పరాయి మాట కాదు. మన కోస్తాజిల్లాల పెద్దలు దానిని 'రంగము' అని పిలిచిరి. కూలికై, వర్తకమునకై అచ్చటికి పోయిన తెలుగువారు వేలకు వేలు. 1941 డిసెంబరులో రంగూనుపై జపానువారి బాంబులు పడినప్పుడు, 1942లో ఆ నగరము వారి వశమైనప్పుడు, భారతీయులు లక్షలకొలది కాలినడకను స్వదేశమునకు బయలుదేరిరి. ఆ దారులలో నొకటి ఈ అరకాను మీదుగా చిట్టగాంగునకు పోయిన దారియే. ఆ దారిని బిడ్డలను భుజములపై మోసికొనివచ్చినవారి మనుమలు, మునిమనుమలు నేడు ఈ పత్రికను చదువువారిలోనే ఉండవచ్చును. వారికి స్వదేశమున ఊరు ఉన్నది, భాష ఉన్నది, బడి ఉన్నది. రోహింగ్యా బిడ్డకు ఈ మూటిలో నొకటియు లేదు. 1982 నాటి బర్మా పౌరసత్వశాసనము వాని జాతిని పౌరులలో లెక్కపెట్టలేదు.

ఇక ఆ శిబిరమున పాఠము చెప్పునదెవరో చూతము. బడి యనగా వెదురుగుంజలపై టార్పాలిను కప్పిన యొక గది. పిల్లలు జట్టు తరువాత జట్టుగా వత్తురు. ఒక్కొక్క జట్టునకు దొరకునది రెండు మూడు గంటల కాలము. సహాయసంస్థలు నడుపు కేంద్రములలో సామాన్యముగా నిద్దఱు ఉపాధ్యాయులుండుట ఏర్పాటు. ఒకరు సమీపగ్రామముల బంగ్లాదేశీయులు. వారు ఇంగ్లీషును లెక్కలను చెప్పుదురు. రెండవవారు శిబిరమునందలి రోహింగ్యా యువకుడో, అరుదుగా యువతియో. వారు బర్మాభాషను చెప్పుదురు. మొదటివారి పేరు 'ఉపాధ్యాయుడు'. రెండవవాని పేరు 'స్వచ్ఛందసేవకుడు'. ఒకే గదిలో, ఒకే పిల్లలకు, ఒకే పలకపై వ్రాయించు ఇద్దఱికి రెండు పేర్లు! మొదటివారికి జీతము. రెండవవానికి దానికంటె తక్కువయైన 'గౌరవభృతి'.

ఈ భేదమేల కలిగినది? శరణార్థికి ఆ దేశములో ఉద్యోగము చేయు హక్కు లేదు. 1951 నాటి శరణార్థుల అంతర్జాతీయ ఒడంబడికపై బంగ్లాదేశము సంతకము చేయలేదు. మన దేశమును చేయలేదు. ఉద్యోగము నిషిద్ధమైనచోట పనిని ఉద్యోగమని పిలువరాదు. కాబట్టి పని మాత్రము చేయించుకొని దానికి 'సేవ' అని నామకరణము చేసిరి. మా పట్టణపు ఉపన్యాసకులు త్యాగమని మురిసిపోయినది ఈ నామకరణమును చూచియే. ఆ యువకుడు జీతము వలదని త్యజింపలేదు. జీతము పొందు హక్కే వానికి లేకుండ జేసిరి. తనకు లేనిదానిని ఎవడు త్యజింపగలడు? లోకము ఎక్కువగా శ్లాఘించు త్యాగములలో ఇట్టి బలవంతపు త్యాగములెన్ని కలవో పాఠకులే యోచింపవలెను.

ఆ యువకుని చదువు మాట యేమి? 2012లో అరకానులో అల్లరులు చెలరేగిన పిమ్మట రోహింగ్యా విద్యార్థులకు సిత్వే విశ్వవిద్యాలయపు తలుపులు మూయబడినవి. పెక్కు పల్లెలలో ప్రభుత్వోపాధ్యాయులు బడులకు వచ్చుట మానిరి. అప్పుడును ఊరివారిలో పదియో పండ్రెండో తరగతులు చదివిన కుఱ్ఱవారే పిల్లలను కూర్చుండబెట్టి చెప్పిరి. కావున శిబిరమునందలి యీ యువకోపాధ్యాయుడు 2017లో హఠాత్తుగా పుట్టినవాడు కాడు. తన చదువు సగములో తెగగొట్టబడి, ఆ తెగిన కొసను తన తమ్ముళ్లకు చెల్లెండ్రకు అందించుచున్నవాడు. తాను పోలేకపోయిన కళాశాలకు వారైన పోవుదురను ఆశ వానిది.

అట్టివానికి పాఠము చెప్పుటకైన స్వేచ్ఛ యున్నదా? శరణార్థులు తమ దేశమున స్థిరపడిపోవుదురను భయముచేత బంగ్లాదేశప్రభుత్వము శిబిరములలో తన పాఠ్యప్రణాళికను నేర్పనీయలేదు, బంగ్లాభాషను నేర్పనీయలేదు. బర్మా పాఠ్యప్రణాళికకును చాలకాలము అనుమతి లేదు. కొన్ని సంవత్సరములు పిల్లలు ఏ తరగతికిని చెందని, ఏ పరీక్షకును పనికిరాని చదువు చదివిరి. 2020 జనవరిలో బర్మా పాఠ్యప్రణాళికను 6 మొదలు 9 తరగతులవఱకు 10,000 మంది పిల్లలతో ప్రారంభింతుమని ప్రకటన వెలువడినది. అంతలో కరోనా వ్యాధి వచ్చి కేంద్రములు మూతపడినవి. 2021 సంవత్సరాంతమునకు గాని ఆ ప్రణాళిక మొదలు కాలేదు. నడుమ, 2021 మార్చి 22 నాడు బాలుఖాలీ శిబిరమున చెలరేగిన అగ్నిలో వేలకొలది గుడిసెలతోపాటు చదువుకేంద్రములును భస్మమైనవి.

ప్రకటనలు, వాయిదాలు ఇట్లు నడచుచుండగా శిబిరమునందలి యువకులు ఊరకుండలేదు. తమ గుడిసెలలోనే చాపలు పఱచి, దొరకిన పాత పుస్తకములతో బర్మా పాఠములను తరగతులవారిగా చెప్పసాగిరి. ప్రభుత్వము, సంస్థలు ఏండ్లు గడచినను చేయలేనిదానిని ఈ కుఱ్ఱవారు చేసి చూపిరి. దీనికి లభించిన బహుమానమేమి? 2021 డిసెంబరులో అట్టి బడులు అనుమతి లేనివని, వానిని మూయవలెనని అధికారుల ఆజ్ఞ వచ్చినది. ఉపాధ్యాయవృత్తినుండి ప్రజానాయకుడైన మొహిబుల్లా అంతకు మూడుమాసములకు ముందే, 2021 సెప్టెంబరు 29 నాడు, శిబిరములోనే దుండగుల తుపాకికి బలియైనాడు. ఆయన స్థాపించిన కయాఫురీ పాఠశాలయు 2022లో మూతపడినది. సేవ సేవ యని పొగడు లోకము, ఆ సేవకుడు తన బుద్ధితో తన బడి పెట్టుకొన్న మఱుక్షణమున వానిని నేరస్థునిగా చూచినది! సేవకుడని పిలుచుటలోని లోగుట్టు ఇదియే. సేవకుడు చెప్పినది చేయవలెను. ఉపాధ్యాయునకు అభిప్రాయము ఉండును.

బంగ్లాదేశము నొక్కదానినే నిందించుట మా యుద్దేశము కాదు. తనకే చాలని నేలపై పదిలక్షలమందికి చోటిచ్చిన దేశమది. అంతకంటె సంపన్నములైన రాజ్యములు అంత చేయలేదు. మొదటి దోషము పల్లెలు తగులబెట్టినవారిది. రెండవది, ధనముండియు చేయి ముడుచుకొన్నవారిది. 2025లో అమెరికా మొదలగు రాజ్యములు సహాయధనమును కత్తిరింపగా ఆ సంవత్సరము జూనులో వేలకొలది చదువుకేంద్రములలో పాఠములు నిలిచిపోయినవి. వేయిమందికి పైగా స్థానికోపాధ్యాయులు ఉద్యోగములు కోల్పోయిరి. చిన్నతరగతుల పిల్లలు వీధిన పడిరి. అప్పుడు మరల దిక్కైనవి ఏవి? తల్లిదండ్రులు కూడబెట్టిన చిల్లరతో శిబిరవాసులు నడుపుకొను ఆ చిన్నబడులే.

ఇంతవఱకు సంగతి. ఇక మాపై రాదగిన ఆక్షేపణలను విచారింతము.

"మొదట అన్నము, పిదప అక్షరము, యుద్ధము ముగిసిన తరువాత బడులు పెట్టవచ్చును" అని కొందఱందురు. అన్నము మొదటిదనుటలో వివాదము లేదు. కాని అన్నమునకు తరువాత ఎంతకాలమునకు అక్షరము? 2017లో తల్లి చంకనెక్కి నదిని దాటిన అయిదేండ్ల బిడ్డ 2025 నాటికి పదుమూడేండ్లవాడైనాడు. యుద్ధము వాయిదా పడును గాని బాల్యము వాయిదా పడదు. బడి లేని పిల్లవాని కొఱకు ఎదురుచూచువారు చాలమంది కలరు. కూలికి పెట్టుకొనువాడు ఎదురుచూచును. సముద్రముమీద మలేషియాకు పంపుదునని పడవ యెక్కించు దళారి ఎదురుచూచును. తుపాకి చేతికిచ్చువాడు ఎదురుచూచును. 2024లో అరకాను యుద్ధమునకు శిబిరములలోని యువకులను బలవంతముగా పట్టుకొనిపోయిన సంగతి లోకమెఱిగినదే. ఆడుపిల్లకొఱకు బాల్యవివాహము ఎదురుచూచును. వీరెవ్వరును యుద్ధము ముగియువఱకు ఆగరు. మనమొక్కరమే ఆగుదుము.

"శిక్షణము లేని కుఱ్ఱవాడు గురువెట్లగును?" అని రెండవ ఆక్షేపణ. ఇది మా వృత్తివారినుండియే వచ్చును గనుక దీనికి శ్రద్ధతో బదులు చెప్పవలెను. సదుద్దేశముచేత చదువు రాదు. వయసులో అయిదేండ్ల తేడా గల నలువదిమందిని ఒక్క గదిలో కూర్చుండబెట్టి, ఇంట నొక భాష మాటలాడు పిల్లలకు వేఱొక భాషలో చదువ నేర్పుట, ముప్పది యేండ్ల అనుభవము గలవారికిని చెమటపట్టించు పని. ఆ యువకుడు తాను చిన్ననాట నేర్చిన విధముననే బృందగానమువలె పాఠమును వల్లెవేయించిన తప్పు వానిది కాదు. వానికి వేఱు విధము నేర్పినవారు లేరు. కాని వానియొద్దనున్న దొకటి మన శిక్షణకళాశాలలలో దొరకదు. రాత్రివేళ గాలికి టార్పాలిను కొట్టుకొన్నను ఉలికిపడు పిల్ల, మఱునాడు బడిలో మాటాడకుండ కూర్చున్నప్పుడు, ఆ మౌనమునకు అర్థము వానికి తెలియును. ఆ పిల్ల భాష వాని భాష. ఆ పిల్ల చూచిన మంట వాడును చూచినాడు. కావున శిక్షణము లేదని వానిని త్రోసివేయుట న్యాయము కాదు. శిక్షణమిచ్చుట న్యాయము.

మూడవ ఆక్షేపణ మన సంస్కృతిపేర వచ్చును; అందుచేత అది అన్నిటికంటె బలవంతమైనది. "విద్యను అమ్మరాదు. విద్యాదానము సర్వదానములలో శ్రేష్ఠము. జీతమనగానే పవిత్రత పోవును" అందురు. మేము బాల్యమున సంస్కృతము చదివినవారము. ఈ మాటలు మాకు కొత్తవి కావు. కాని విద్యాదానమున దాత యెవడు? ఈ ప్రశ్న మనవారు వేయరు. గుంటూరు మండలములో మల్కాపురమున క్రీ.శ. 1261 నాటి శాసనమొకటి కలదు. రుద్రమదేవి కాలమున విశ్వేశ్వరశివాచార్యులకు మందడము మున్నగు గ్రామములను దానమిచ్చినప్పటి విషయమది. అందు వేదములు చెప్పువారికి, తర్కసాహిత్యములు చెప్పువారికి, వైద్యునకు, లేఖకునకు జీవనమేర్పాటు చేయబడినది. తమిళదేశమున ఎన్నాయిరములోని పదునొకండవ శతాబ్దపు చోళశాసనము విద్యార్థులకును గురువులకును దినమున కింత ధాన్యమని కొలత వేసి నిర్ణయించినది. ఆ శాసనములను చెక్కించినవారికి విద్యాదానమనగా నేమో చక్కగా తెలియును. దానము పాలకునిది, ధనవంతునిది, గ్రామముది. గురువుది వృత్తి. గురువు కడుపు నింపి, వాని మనస్సును పాఠముపై నిలుపుటయే విద్యాదానము.

మనము దీనిని తలక్రిందులు చేసితిమి. ఇప్పుడు ఆకలిగొన్న గురువు దాత. కడుపు నిండిన శ్రోత పుణ్యాత్ముడు. అత్తసొమ్మును అల్లుడు దానము చేసినట్లు, పరుల శ్రమను మనము దానముగా ప్రకటించి, ఆ ప్రకటనకు మనమే చప్పట్లు కొట్టుకొనుచున్నాము. ఇది సంప్రదాయము కాదు. సంప్రదాయమునకు పట్టిన చెద.

ఆడుపిల్లల విషయమున ఈ అన్యాయము రెట్టింపగుచున్నది. ఈడు వచ్చిన పిల్లను మగపిల్లలతో కలిపి, మగవాని యెదుట కూర్చుండబెట్టుటకు శిబిరములోని తల్లిదండ్రులు అంగీకరింపరు. పిల్ల ఇంట ఆగిపోవును. పంతులమ్మ ఉన్నచో, ఆడుపిల్లలకు వేఱు తరగతి ఉన్నచో పంపుదురు. కాని పంతులమ్మలు ఎక్కడనుండి వత్తురు? చదివిన స్త్రీలే మిక్కిలి తక్కువ. కావున అక్షరములు వచ్చిన యొక్కొక్క యువతి వెల అచ్చట ఎంతో ఊహింపుడు. ఆమె పాఠము చెప్పవలెనన్నచో ఇంటిపని వేఱొకరు చేయవలెను, దారిలో భయముండరాదు, ఇరుగుపొరుగువారి మాటలకు ఇంటివారు ఓర్చుకొనవలెను. నెలకు కొంత ధనము ఇంటికి వచ్చినచో అత్తయు మామయు కూడ ఓర్చుకొందురు. ఉచితసేవ యన్నచో తండ్రియే పోవలదనును. ఆమెకు జీతమిచ్చుట ఆమె పవిత్రతను చెఱచుట కాదు. ఆమె గడప దాటుటకు దారి వేయుట. వీరేశలింగము పంతులవారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాలను నెలకొల్పునాటికి ఇరువదియాఱేండ్ల యువకులు. లోకము ఎదురు నిలిచినను వారు నిలువగలిగిరనిన, వారికి ఉపాధ్యాయవృత్తి యున్నది, దానికి జీతమున్నది. సాహసమునకును అన్నము కావలెను.

"ఇదంతయు కాక్సుబజారు కథ, మనకేల?" అనువారికి కడపట బదులు చెప్పుదుము. హైదరాబాదులో బాలాపురపు పరిసరములకు పోయి చూడుడు. రోహింగ్యాలు కొన్ని వేలమంది అచ్చట గుడిసెలలో కాలము గడపుచున్నారు. వారి పిల్లలు మన వీధులలోనే తెలుగు, ఉర్దూ మాటలు నేర్చుచున్నారు. 2025 ఫిబ్రవరిలో మన సుప్రీముకోర్టు, ఢిల్లీలోని రోహింగ్యా పిల్లల వ్యాజ్యమును విచారించుచు, చదువు విషయమున ఏ బిడ్డయెడలను వివక్ష కూడదని పలికినది. కోర్టు పలికిన మాట బడిగుమాస్తా బల్లవఱకు దిగివచ్చుటకు ఎన్నాళ్లు పట్టునో ఉపాధ్యాయులమైన మాకు తెలియును. ఏ కాగితము లేదని ఏ బిడ్డను గుమ్మమునుండి త్రిప్పిపంపుచున్నామో ముందు మనము చూచుకొనవలెను.

మఱియు ఈ వ్యాధి శిబిరములకే పరిమితము కాదు. మా తప్పును మేమే చెప్పుకొందుము. కొన్నియేండ్ల క్రిందట మేము పనిచేయు పాఠశాలలో నొక యుపాధ్యాయుని స్థానము ఖాళీపడినది. మా పూర్వవిద్యార్థి యొకడు, పట్టభద్రుడు, ఉద్యోగము లేక యుండెను. "అనుభవము వచ్చును, పదిమందికి ఉపకారము" అని చెప్పి వానిచేత ఒక సంవత్సరము ఉచితముగా లెక్కలు చెప్పించితిమి. చక్కగా చెప్పెను. వార్షికోత్సవమున శాలువ కప్పితిమి. వాని సేవాభావమును గుఱించి మేమే ఉపన్యసించితిమి. మఱుసటి యేడు వాడు ఎరువుల దుకాణములో గుమాస్తాగా చేరెను. పని జరిగిపోవుచున్నది గదా యని పైవారు ఆ స్థానమును నింపనే లేదు. శాలువ కప్పినందువలన ఒక మంచి ఉపాధ్యాయుడును పోయినాడు, ఒక ఉద్యోగమును పోయినది. ఆనాడు మేము చేసినది ధర్మమనుకొంటిమి. నేడు దానికి వేఱు పేరు పెట్టుచున్నాము.

కావున మేము కోరునవి కొలదియే. యుద్ధపీడితులకు చదువు చెప్పువానిని ఉపాధ్యాయుడని పిలువవలెను. పేరు మాఱినగాని లెక్క మాఱదు. తోడి ఉపాధ్యాయునితో సమానముగా వేతనమీయవలెను. బోధనశిక్షణ మిచ్చి, పనిచేసిన కాలమునకు ఏ దేశమునకు పోయినను చెల్లు యోగ్యతాపత్ర మీయవలెను. తెగిపోయిన వాని చదువును మరల అతికించుకొను దారి చూపవలెను. ఎల్లకాలము తమ్ముళ్లను గట్టెక్కించుచు తాను నీటిలోనే నిలిచియుండుమనుట పాపము. వారు తమంతట పెట్టుకొన్న బడులను మూయుట కాదు, వానికి గుర్తింపునిచ్చి, తప్పులున్నచో దిద్దవలెను.

గృహస్థులైన పాఠకులు "ఇవి ప్రభుత్వముల పనులు గదా" యనవచ్చును. ధర్మమునకు ధనమిచ్చునప్పుడు మనమేమి చేయుచున్నాము? గదిపై మన తండ్రిపేరు చెక్కించుకొందుము. పలకలపై మన పేరు అచ్చువేయింతుము. గురువు జీతముపై ఎవరి పేరును వ్రాయరాదు గనుక దానికి దాతలు దొరకరు. ఇకనైనను యుద్ధపీడితుల చదువునకు ఏ సంస్థకైనను ధనము పంపునప్పుడు, ఇందు ఉపాధ్యాయుల వేతనమునకెంత యని అడిగి పంపుడు. గోడకంటె మనిషి ముందని చెప్పుడు. మీ ఊరి పాఠశాలలో ఎవరైన ఉచితముగా పాఠములు చెప్పుచున్నచో వారిని పొగడుటకు ముందు, ఆ స్థానము ఎన్నాళ్లుగా ఖాళీగా నున్నదో విచారింపుడు.

ఆ యువతి ప్రశ్నకు మేమిప్పుడు బదులు చెప్పగలము. "లేదమ్మా, తగినంత ఇచ్చుట లేదు. ఇయ్యకుండుటకే దానికి సేవ యని పేరు పెట్టినారు." ఆమె నెలజీతము ఎంతయో మేము ఆనాడు అడుగలేదు. అడుగుటకు ధైర్యము చాలలేదు.

పాఠకులారా, అట్టి సభలు ఇంకను జరుగును. అట్టి యుపన్యాసములు మీరును విందురు. చేతులు తట్టుటకు ముందు ఆమె అడిగిన ప్రశ్ననే మీరును అడుగుడు. బదులు వచ్చువఱకు చేతులు కట్టుకొని కూర్చుండుడు.